బెంగకి అవుట్‌పాస్ లేదు

మే నెలలో మైలవరం వెళ్ళడమంటే నాకు ఆవకాయ పనికి కూలీగా వెళ్ళడమే. ఈసారీ కాయలు తుడిచే పని నాకే పడింది. బాబాయి వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చిన్నరసాలు నరుకుతున్నాడు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉందో లేదో పిన్ని చూసి మరీ పళ్ళెంలోకి తీసుకుంటోంది. వదిన ముక్కల్లోంచి జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో ఒత్తుతోంది.

బాబాయి జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. వదిన బెజవాడ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు. ఊళ్ళోనే 1998 నుంచి లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది గాని, ఆమె మాత్రం రోజూ పొద్దున్నే ఇబ్రహీంపట్నం మీదుగా అటు పోవాల్సిందే. కాబట్టి కింద ఆమె చెప్పుకునే కష్టాలు మా ఊరి కాలేజీవి కావు. ఆ ముక్క ముందే చెప్పేస్తే నాకు మంచిది, వచ్చే ఏడూ ఇక్కడే కాయలు తుడవాలి.

వాదం మొదలెట్టింది బాబాయి. కాయల కింద పరిచిన పాత పేపర్లో ఏదో చదివి కత్తి ఆపాడు.

బాబాయి: ఇదేంటమ్మాయ్, వందమంది పిల్లలకో కౌన్సెలరుండాలంటోంది సుప్రీంకోర్టు? నేను ఏడొందల మందున్న స్కూలు నడిపాను. కౌన్సెలర్నీ నేనే, గుమాస్తా రాకపోతే గుమాస్తానీ నేనే. ఒక్కోరోజు బెల్లు కొట్టిందీ నేనే.

వదిన: వందమందికొకరు కాదు మావయ్యగారూ. వంద, ఆ పైన పిల్లలున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒకరు. అంతకంటే తక్కువుంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోమన్నారు. 2025 జూలై 25 నాటి తీర్పు. విశాఖలో నీట్ కోచింగ్‌కొచ్చిన 17 ఏళ్ళ పిల్ల చనిపోతే వాళ్ళ నాన్న ఢిల్లీదాకా వెళ్ళి కొట్లాడాడు. మన రాష్ట్రం కేసే అది.

బాబాయి: అయితే ఇంకా అన్యాయం. మూడు వేల మందున్న చోటా ఒకరేనా? తలా ఎన్ని నిమిషాలొస్తాయో భాగించి చెప్పు.

వదిన: ఒక మాట మీద ఉండండి. అసలు వద్దంటున్నారా, చాలదంటున్నారా?

బాబాయి: రెండూను. అక్కర్లేదంటున్నాను. పెట్టి తీరాలంటే మాత్రం ఒక్కరితో ఏమవుతుందంటున్నాను.

పిన్ని నావైపు చూసి కళ్ళు తిప్పింది. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఇదే వింటోంది.

బాబాయి: మనసు బాగోకపోవడం కొత్తగా పుట్టిందా ఏంటి? దాన్ని మేం బెంగ అనేవాళ్ళం. ఆరో క్లాసులో నన్ను నూజివీడు హాస్టల్లో పడేస్తే వారం తిరక్కుండా జ్వరమొచ్చింది. వార్డెను చెయ్యి పట్టుకుని చూశాడు, నాలిక చూశాడు, 'బెంగరా వీడికి' అని తేల్చేశాడు. బస్సు చార్జీ చేతిలో పెట్టి ఇంటికి పంపాడు. నాలుగు రోజులు మా అమ్మ కలిపిన ముద్ద తిన్నాను, జ్వరం ఎటుపోయిందో పోయింది. దానికి సైకాలజిస్టు కావాలా?

వదిన: మా హాస్టల్లో అవుట్‌పాస్ పుస్తకం ఉంటుంది. అందులో 'కారణం' అని ఒక గడి. జ్వరం, పెళ్ళి, చావు, బ్యాంకు పని, ఏది రాసినా సంతకం పడుతుంది. బెంగ అని రాస్తే పడదు. మీ వార్డెను చేసిన వైద్యం చెయ్యడానికి ఇప్పటి వార్డెనుకి అధికారం లేదు. పిల్లలేం చేస్తారు? ఉన్న తాతల్ని మళ్ళీ మళ్ళీ చంపుతారు. నేను మెంటరుగా ఉన్న గ్రూపులో ఒక కుర్రాడి తాతయ్య రెండు సెమిస్టర్లలో మూడుసార్లు పోయాడు.

బాబాయి నవ్వాపుకోలేక కత్తి వదిలేశాడు. నవ్వడం అయ్యాక మాత్రం కాసేపు కాయ అందుకోలేదు.

బాబాయి: సరే, ఆ తాతయ్య సంగతి ఒప్పుకున్నాను. కానీ నా భయం వేరు. బాధకి జబ్బు పేరు పెడితే బాధ ముదురుతుంది. మిడ్‌లో మార్కులు తగ్గిన ప్రతివాడూ డిప్రెషన్ అంటున్నాడు. ఒత్తిడి లేనిదే మనిషి తయారవడు. కాయైనా గడ్డిలో పెట్టి మూసేస్తేనే కదా పండేది.

వదిన: మీరు గడ్డిలో మాగేశారు, ఇప్పుడు కార్బైడ్ వేస్తున్నారు. నున్న మామిడి మార్కెట్‌కి వెళ్ళినవాళ్ళకి ఆ తేడా నేను చెప్పాలా?

బాబాయి: పోలికలు చెప్పకు. లెక్క చెప్పు.

వదిన: లెక్కే చెబుతా. 1908లో అమెరికాలో యెర్క్స్, డాడ్సన్ అని ఇద్దరు చిట్టెలుకల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు దారులు పెట్టి, తప్పు దారిలోకి వెళ్తే చిన్న కరెంటు షాకు. తేడా సులువుగా తెలిసే చోట షాకు పెంచేకొద్దీ ఎలుకలు తొందరగా నేర్చుకున్నాయి. అక్కడిదాకా మీరన్నది నిజమే. తేడా పట్టడం కష్టం చేసిన చోట మాత్రం, గట్టి షాకు తిన్నవే వెనకబడ్డాయి. పని ఎంత కష్టమైతే భయం అంత తక్కువుండాలన్నమాట. ఎక్కాలు బెత్తంతో వస్తాయేమో మావయ్యగారూ, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ రాదు.

బాబాయి: ఎక్కాలూ రాలేదులే, నిజం చెప్పాలంటే.

ఆ మాట ఆయన చాలా చిన్నగా అన్నాడు. నేను ఆ స్కూల్లోనే చదువుకున్నాను. ఆ బెత్తం నాకూ తెలుసు.

వదిన: ఇక జబ్బు పేరంటారా. ఫెయిలైతే ఏడుపు రావడం జబ్బు కాదు, రాకపోతేనే ఆలోచించాలి. డాక్టర్లు చూసే గడువొకటుంది, రెండు వారాలు. రెండు వారాలపాటు దాదాపు రోజూ దిగులుగా ఉండడం, ఇంతకుముందు ఇష్టమైనది దేనిమీదా మనసు పోకపోవడం, నిద్ర, తిండి, ఒంట్లో శక్తి, చదివింది బుర్రకెక్కడం, వీటిలో కొన్ని దెబ్బతినడం. అప్పుడది బెంగ దాటినట్టు. నాలుగు రోజుల ముద్దతో పోదు.

బాబాయి: అలాంటివాళ్ళు ఎందరుంటారే? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

వదిన: బెంగుళూరు నిమ్‌హాన్స్‌వాళ్ళు 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేస్తే, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. అందులో జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందలేదు. అరవైమంది క్లాసులో నిలబడి నేను ఆ లెక్క వేసుకుంటే చాక్‌పీసు చేతిలో ఆగదు.

బాబాయి: మరి అదిగో, పేపర్లో ఇంకో లెక్కుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణం తీసుకున్నారని. పరీక్ష తప్పినందుకు 2,248 మంది. అంటే ఆరో వంతు పైచిలుకు. మిగతా ఐదు వంతులకీ మీ కాలేజీ మార్కులు కారణం కాదన్నమాట! ఇల్లు, అప్పు, ప్రేమ, రోగం, సవాలక్ష. దానికి చదువునెందుకు ఆడిపోసుకోవడం?

వదిన: ఆడిపోసుకోవడం లేదు. ఏ ఒక్క చావుకీ ఒకటే కారణం ఉండదు. మీ లెక్కలో నాకు కనబడేదేంటంటే, మార్కుల జాబితా చూసి ఎవరు ప్రమాదంలో ఉన్నారో కనిపెట్టలేమని. మేం చూసేది అదొక్కటే జాబితా. మార్కులొచ్చేవాడి మీద మా కన్నే పడదు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ గొడవ మీద 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు, కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లల చావుల మీద. అంటే అప్పుడు పుట్టినవాళ్ళు ఇంటర్ చదివి, ఇంజనీరింగ్ ముగించి, కొందరు ఇవాళ అవే కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. వదిన వయసు దానికి కాస్త పైన. ఆమె ఇంటర్ గుడవల్లి వైపు హాస్టల్లో చదివింది. ఆ రెండేళ్ళ గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడదు.

వదిన: తీర్పులో ఇంకో మాటుంది చూడండి. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టొద్దని.

బాబాయి: అది నేను ఒప్పుకోను. నేనూ ఎ సెక్షన్, బి సెక్షన్ చేశాను. అవమానించడానికి కాదు. వెనకబడినవాళ్ళు ఒకచోట ఉంటే వాళ్ళకి నిదానంగా చెప్పొచ్చని.

వదిన: బి సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెప్పేవారు?

బాబాయి: ...

వదిన: మీరు ఎ సెక్షన్‌కే కదా చెప్పింది.

బాబాయి: పదో తరగతి ఫలితాలు రావాలిగా మరి. డీఈవో ఆఫీసులో అడిగేవాళ్ళు.

పిన్ని మధ్యలో అందుకుని, కారం గిన్నె ఇటు జరపమంది. ఎవరు జరిపారో గుర్తులేదు. కాసేపు కత్తి చప్పుడే వినబడింది.

బాబాయి: సరే, ఆ దెబ్బ నాకు తగిలింది. ఇప్పుడు నాది విను. మీ కాలేజీలో కౌన్సెలింగ్ గది ఉందా?

వదిన: ఉంది. నాక్ తనిఖీ బృందం రావడానికి వారం ముందు బోర్డు రాయించారు.

బాబాయి: ఎక్కడ?

వదిన: హెచ్ఓడీ గదికి ఎదురుగా.

బాబాయి: చూశావా! ఏ పిల్ల వెళ్తుంది అందులోకి? అందుకే అంటున్నాను. ఆ గది ఒక మూత. కింద మంట అలాగే ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రందాకా క్లాసులు, ఆపైన స్టడీ అవర్లు, 75 శాతం హాజరు లేకపోతే కండొనేషన్ ఫీజు, 65 దాటకపోతే డీటైను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని హాల్‌టికెట్ దగ్గర బేరాలు. ఇవన్నీ అలాగే ఉంచి, కుంగిపోయిన పిల్లాణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టి ఊపిరి గట్టిగా పీల్చుకోమంటారు. బాగుచేసి మళ్ళీ అదే గానుగకి కడతారు. ఆ వైద్యం ఎవరి కోసం? ఎద్దు కోసమా, గానుగ కోసమా?

ఈ ప్రశ్నకి వదిన వెంటనే జవాబు చెప్పలేదు. నిజానికి మొత్తం సంభాషణలో బలమైన మాట ఇదేనని నాకనిపించింది, అందునా కౌన్సెలరు వద్దన్న మనిషి నోటివెంట వచ్చింది.

వదిన: గానుగ మార్చాల్సిందే. నేను కాదనను. కానీ గానుగ ఆగేదాకా ఆ పిల్లాడు ఆగలేడు కదా మావయ్యగారూ. ఒకడి సంగతి చెబుతాను. ఊరూ పేరూ అడక్కండి.

సెకండియర్. నా గ్రూపులో ఇరవైమందిలో ఒకడు. మొదటి పీరియడ్‌కి రావడం మానేశాడు, తర్వాత మధ్యాహ్నందాకా మానేశాడు. స్టాఫ్‌రూములో అందరం బద్ధకం అన్నాం. నేనూ అన్నాను. హాజరు 63కి పడగానే కంప్యూటరు దానంతటదే వాళ్ళ నాన్నకి ఇంగ్లీషులో మెసేజ్ కొట్టింది, 'యువర్ వార్డ్' అని. ఆయన తిరువూరు అవతల కౌలు రైతు. వార్డంటే ఆసుపత్రి వార్డనుకున్నాడు. కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని ఏడ్చుకుంటూ ఆటో కట్టించుకుని కాలేజీకొచ్చాడు.

బాబాయి: అయ్యో.

వదిన: కొడుకు క్షేమంగా ఉన్నాడని తెలిసి, ఆ సంతోషంలో అందరిముందూ వాణ్ణి కొట్టాడు. ఆ సాయంత్రం నేను వాణ్ణి ల్యాబ్‌లో కూర్చోబెట్టాను. మార్కులు, హాజరు ఏమీ అడగలేదు. రాత్రి ఎన్నింటికి పడుకున్నావన్నాను. పడుకోలేదు మేడమ్ అన్నాడు. ఎన్నాళ్ళుగా అంటే వేళ్ళు లెక్కపెట్టాడు, నెల దాటింది. నాలుగు బ్యాక్‌లాగులున్నాయని ఇంట్లో తెలీదు. అప్పుడు అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని.

బాబాయి: అమ్మాయ్! అదేం మాట, అశుభం. లేనిపోని ఆలోచన నువ్వే పెట్టినట్టు కాదూ?

వదిన: కాదు. ఆ భయం నాకూ ఉండేది. అడిగినంతమాత్రాన ఆ ఆలోచన పుట్టదు, పెరగదు. ఇది పరిశోధనల్లో తేలిన సంగతి. ఉన్నవాడికి మాత్రం ఎవరో ఒకరు ఆ మాట పలికారన్న ఊరట. వాడు తలూపాడు. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు, ఇద్దరు స్నేహితుల్ని పక్కన పెట్టాం. మర్నాడు వాళ్ళ నాన్నతో కలిసి విజయవాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను, మానసిక వైద్య విభాగం ఓపీకి. డాక్టరు మందు రాసి, ఇది పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దన్నారు. వాళ్ళమ్మ ఫోన్లో ఒకటే గోల, పిచ్చి బిళ్ళలు మింగిస్తున్నారని.

బాబాయి: ఇప్పుడెలా ఉన్నాడు?

వదిన: నిద్రపోతున్నాడు. బ్యాక్‌లాగుల్లో మూడు పోయాయి. లెక్కల పేపరు ఎం-త్రీ ఇంకా ఉంది.

బాబాయి: మరి చూడు, వాణ్ణి అడిగింది నువ్వు. కౌన్సెలరు కాదు. నా మాటే నెగ్గింది! మా తాతయ్య చెప్పేవాడు, మైలవరం జమీందార్ల అండతో బాలభారతీ నాటక సమాజం నడిచిన రోజుల్లో, ఎంత గొప్ప నటుడైనా తెర వెనక అందించేవాడు లేకుండా రంగమెక్కేవాడు కాదట. పద్యం మర్చిపోతే పరువు పోయేది కాదు, వెనకనుంచి మొదటి మాట అందేది. పిల్లలకి కావాల్సింది ఆ అందించేవాడు. డిగ్రీలున్న డాక్టరు కాదు.

వదిన: ఆ అందించేవాడికి నాటకమంతా కంఠతా వచ్చుండాలిగా మావయ్యగారూ. దారిన పోయేవాణ్ణి తెచ్చి తెర వెనక నిలబెడితే ఏం అందిస్తాడు? నాకు అడగడం వచ్చింది గాని, ఏ మందో, ఎంతో తెలీదు. అడగడం కూడా ఒక రెండు రోజుల శిక్షణలో కూర్చున్నాక వచ్చింది. అంతకుముందు నేనూ 'ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకుంటాయి' అన్నదాన్నే. ఏడాదికి రెండుసార్లయినా సిబ్బంది అందరికీ శిక్షణ ఇవ్వాలని ఆ తీర్పులో ఉంది. వాచ్‌మన్‌కీ, మెస్‌లో వడ్డించేవాడికీ కూడా ఇవ్వాలంటాను నేను. ఎవడు అన్నం వదిలేస్తున్నాడో ముందు తెలిసేది వాడికే.

బాబాయి ఆఖరి కాయ నరికి కత్తిపీట మడిచాడు. పిన్ని బేసిన్లో ఆవపిండి, కారం, ఉప్పు పోసి చేత్తో కలుపుతోంది. ఘాటుకి అందరికీ తుమ్ములొచ్చాయి. ఇక అయిపోయిందనుకున్నాను. బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

బాబాయి: నీకెవరమ్మా మెంటరు?

వదిన: అంటే?

బాబాయి: ఇరవైమంది పిల్లలకి నువ్వు. నీకెవరని. మార్చినుంచి చూస్తున్నాను, రాత్రి ఒంటిగంటదాకా నీ గదిలో లైటు. నీళ్ళకి లేచినప్పుడల్లా అదే. ఏంటని మీ ఆయన్నడిగితే ఫైళ్ళన్నాడు.

వదిన: సీఓ పీఓ మ్యాపింగ్. ఏ ప్రశ్న ఏ లక్ష్యానికి చెందుతుందో, ఎంత శాతం సాధించామో ప్రతి పేపరుకీ లెక్కగట్టాలి. అక్రిడిటేషన్‌కి. ఆపైన అడ్మిషన్లు. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్లిచ్చి ఒక్కొక్కరికీ టార్గెట్ పెట్టారు. ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చేలోపు ఇళ్ళకి వెళ్ళి అడగాలి. పీహెచ్‌డీ నాలుగో ఏడు నడుస్తోంది. జీతం రెండు నెల్లది రావాలి.

బాబాయి: నిద్ర?

వదిన: నాలుగు గంటలు. పెద్దవాళ్ళకి ఏడుండాలని పిల్లలకి స్లైడు వేసి మరీ చెబుతాను.

బాబాయి: ఎన్నాళ్ళుగా?

ఆమె ముక్కల పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు లెక్కపెట్టలేదు గాని, మా అందరికీ ఆ కుర్రాడు గుర్తొచ్చాడనుకుంటాను.

బాబాయి: రెండు వారాలు దాటిందిగా. గడువు నువ్వే చెప్పావు.

వదిన: నాది జబ్బు కాదు మావయ్యగారూ, పని.

బాబాయి: నేనూ ఇందాక అదే అన్నాను. బెంగనీ, ఒత్తిడనీ. నువ్వు ఒప్పుకోలేదు.

పిన్ని నూనె పోస్తున్నది పోస్తున్నట్టే ఆపి, 'అమ్మాయ్, ఇంక లే. వెళ్ళి పడుకో. జాడీలోకి నేనెత్తుకుంటాను' అంది. వదిన లేవలేదు. లేవకుండానే, పిల్లలకిచ్చే నంబరొకటుంది, టెలి మానస్ అని, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది, ప్రతి క్లాసు గోడమీదా అంటించాను, నా ఫోన్లో మాత్రం లేదు, అంది. టీచర్లు కూడా చెయ్యొచ్చా అని బాబాయి అడిగాడు. ఎవరైనా చెయ్యొచ్చంది.

బాబాయి లోపలికెళ్ళి కళ్ళజోడు, స్కెచ్ పెన్ను తెచ్చుకున్నాడు. గోడమీద క్యాలెండర్లో పాలవాడి లెక్కకీ గ్యాసు నంబరుకీ మధ్య కాస్త ఖాళీ ఉంది. లెక్కల మాస్టారి దస్తూరీలో ఐదంకెలు రాసి, పక్కన 'బెంగ' అని రాశాడు.

మీ ఇంట్లోనూ క్యాలెండరు ఉండే ఉంటుంది. ఆ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.